కాగితం మీద కిరాయి 750... గల్లీలో ఏడు వేలు!

బోరబండలో ఒక గది. దాని వెనక నిలబడి వండుకునేంత వంటిల్లు. పక్క పోర్షన్ వాళ్లతో కలిపి వాడుకునే బాత్రూం. కిరాయి ఏడు వేలు, కరెంటూ నీళ్లూ వేరే. ఆ గదిలో ఉండే కుటుంబంలో ఒక్కరి జీతం పదిహేను వేలు అనుకుందాం. హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగానో, సూపర్‌మార్కెట్ బిల్లింగు కౌంటర్ దగ్గరో, బట్టల షాపులోనో పనిచేసేవాళ్ల చేతికి అటూఇటూగా వచ్చేది అంతే. కనీస వేతనం ఎంత ఉండాలో తేల్చడానికి మన దేశంలో ఒక సూత్రం ఉంది. ఆ సూత్రం ప్రకారం ఈ పదిహేను వేలను విడగొడితే, అందులో ఇంటి అద్దె వాటా 750 రూపాయలు.

ఏడువందల యాభై. అచ్చుతప్పు కాదు.

పార్లమెంటు 2019లో ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్రం 2020లో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో ఈ సూత్రం ఉంది. పనిచేసే మనిషి, జీవిత భాగస్వామి, ఇద్దరు పిల్లలు... వీళ్లను తిండి లెక్కలో ముగ్గురు పెద్దవాళ్ల కింద కట్టారు. ఒక్కొక్కరికి రోజుకు 2,700 క్యాలరీలు, ఇంటి మొత్తానికి ఏడాదికి 66 మీటర్ల బట్ట. ఈ తిండి, బట్ట ఖర్చులో పదో వంతు ఇంటి అద్దె. వంటగ్యాసు, కరెంటు, చిల్లర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండగపబ్బాలు, ఆపదసంపదలకు మరో 25 శాతం. పదిహేను వేలలో ఈ నలభై అయిదు శాతం తీసేస్తే మిగిలేది 8,250. అందులో 7,500 తిండికీ బట్టకూ పోతే, అద్దెకు మిగిలేది 750. అంటే జీతంలో ఇరవయ్యో వంతు. జీతం ఇరవై వేలైనా ముప్ఫై వేలైనా ఈ సూత్రంలో అద్దె వాటా ఆ అయిదు శాతం దగ్గరే ఆగిపోతుంది.

బోరబండ కాకపోతే రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, జగద్గిరిగుట్ట, మీర్‌పేట. నగరంలో ఏ బస్తీకి వెళ్లినా 750కి గది కాదు కదా, బండి పెట్టుకునే జాగా దొరకడం కూడా కష్టం. మిగతా ఆరువేల రెండువందల యాభై ఎక్కణ్నుంచి వస్తోంది? ఈ కథనమంతా ఆ ప్రశ్న గురించే.

ఒకప్పుడు ఇల్లు జీతంలో భాగం

ఈ సూత్రం మొదట్లో ఇలా లేదు. 1957లో జరిగిన పదిహేనో భారత కార్మిక సదస్సులో ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని కనీస వేతనానికి కొలతలు పెట్టాయి. 2,700 క్యాలరీలు అప్పటివే. బట్ట 72 గజాలు. అదే నేటి 66 మీటర్లు. అద్దె దగ్గర మాత్రం శాతాల ఊసు లేదు. ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకం కింద కట్టే ఇంట్లో కనీస విస్తీర్ణానికి ఎంత అద్దె ఉంటుందో, అంత వేతనంలో ఉండాలన్నారు. ఆ పథకం 1952లో మొదలైంది. ఫ్యాక్టరీ కార్మికులకు సబ్సిడీతో ఇళ్లు కట్టి తక్కువ అద్దెకివ్వడం దాని పని. కొలతకు ఆధారం గాలిలో లేదు, నేల మీద కట్టిన ఇల్లుంది. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం వంటివాటికి 25 శాతం కలపాలని చెప్పినప్పుడు కూడా పాత కొలతలు అలాగే నిలిచాయి.

యాభై దాటిన పాఠకుల్లో చాలామందికి క్వార్టర్స్ గుర్తుండే ఉంటాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, చింతల్‌లో హెచ్ఎంటీ, అటు ఈసీఐఎల్, కోల్‌బెల్ట్‌లో సింగరేణి, విశాఖలో ఉక్కునగరం. వరసగా ఇళ్లు, ముందు కాస్త పెరడు, జామచెట్టో కరివేపచెట్టో, నడిచి వెళ్లేంత దూరంలో బడి, ఆస్పత్రి. జీతం స్లిప్పులో అద్దె కింద కోసుకునేది నామమాత్రం. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు ఇంజినీర్లయ్యారు, డాక్టర్లయ్యారు. ‘నాన్న జీతం తక్కువే కానీ ఎలాగో గడిచిపోయింది’ అని వాళ్లు చెప్పుకునే మాట వెనక, అద్దె లేని బతుకు ఇచ్చిన వెసులుబాటు ఎంతుందో మనం సరిగ్గా లెక్కగట్టలేదు.

అంతకుముందూ ఈ నగరానికి ఆ అలవాటు ఉంది. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, పేదలకూ చిరుద్యోగులకూ ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. నిజాం రాజ్యంలో చేయగలిగిన పని ఎకరం వంద కోట్లకు అమ్మే ప్రభుత్వాలకు ఎందుకు చేతకాదో అడగాల్సిన వాళ్లం మనమే.

అదే ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఇప్పుడు కాంట్రాక్టు కార్మికులు నిలబడుతున్నారు. పని అదే, యంత్రం అదే. క్వార్టర్ మాత్రం లేదు. ఇళ్లు కట్టడం ప్రభుత్వమూ మానేసింది, యాజమాన్యమూ మానేసింది. అప్పుడు న్యాయంగా జరగాల్సింది, బజారులో ఉన్న అద్దెను తెచ్చి వేతనంలో కలపడం. దానికి బదులు ‘తిండి, బట్టల ఖర్చులో పది శాతం’ అన్న అంకె వచ్చి కూర్చుంది. ఇల్లూ పోయింది, ఇంటి డబ్బూ పోయింది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

1,430కీ 5,400కీ మధ్య

ప్రభుత్వానికి అద్దెల సంగతి తెలియదా అంటే, తెలుసు. 2019లో అనూప్ సత్పతి నాయకత్వంలోని నిపుణుల కమిటీ జాతీయ కనీస వేతనం రోజుకు 375, నెలకు 9,750 రూపాయలుండాలని చెప్పింది. పట్టణాల్లో పనిచేసేవాళ్లకు దానిపైన ఇంటి అద్దె భత్యంగా నెలకు 1,430 వరకు కలపొచ్చంది. ఆ సిఫారసు కాగితాల్లోనే ఉండిపోయింది. ఆ ఏడాది కేంద్రం జాతీయ కనీస వేతనాన్ని రోజుకు 176 నుంచి 178కి పెంచింది. రెండు రూపాయలు!

అదే కేంద్ర ప్రభుత్వం 2017లో తన ఉద్యోగుల ఇంటి అద్దె భత్యాన్ని సవరిస్తూ, పెద్ద నగరాల్లో ఎంత చిన్న ఉద్యోగికైనా అది నెలకు 5,400కు తగ్గకూడదని నిర్ణయించింది. ఆ పెద్ద నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. కరువు భత్యం 50 శాతానికి చేరాక ఆ నగరాల్లో అద్దె భత్యం మూల వేతనంలో 30 శాతమైంది. ఈ నిర్ణయంలో తప్పేమీ లేదు, నగరంలో ఇంటి ఖర్చును గుర్తించిన మంచి నిర్ణయమది. నా ప్రశ్నల్లా ఒకటే. ఆఫీసులో గుమాస్తాకు అద్దె మూల వేతనంలో ముప్ఫై శాతమని ఒప్పుకున్న ప్రభుత్వం, అదే ఆఫీసు గేటు దగ్గర కాంట్రాక్టు మీద నిలబడ్డ గార్డుకు అయిదు శాతం చాలని ఏ లెక్కన అనుకుంటోంది? సాయంత్రమైతే ఇద్దరూ చదివేది ఒకే టూలెట్ బోర్డు.

‘ఎంతమంది ఉంటరమ్మా?’

టూలెట్ బోర్డు దాకా వెళ్దాం. రహమత్‌నగర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి ముందు, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక జంట ఓనరమ్మతో మాట్లాడుతున్నప్పుడు విన్న మాటలివి.

‘ఎంతమంది ఉంటరమ్మా?’

‘నలుగురమండి. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు.’

‘ఊరికెళ్లి చుట్టాలొస్తరా? వస్తే దినాలకు దినాలు ఉండొద్దు. నీళ్లు సరిపోవు, దినం ఇడిసి దినం వస్తయి.’

‘రారండి.’

‘మీ ఆయన ఏం జేస్తడు?’

‘సెక్యూరిటీ అండి. గచ్చిబౌలిలో, కంపెనీకి.’

‘నైట్ డ్యూటీ ఉంటదా? గేటు పదింటికి తాళమేస్తం మరి.’

పన్నెండు గంటల షిఫ్టు చేసి రెండు బస్సులు మారి వచ్చే మనిషికి పదింటి తాళం అంటే ఏమిటో ఆమెకు చెప్పాలని ఆ భార్య నోరు తెరిచి, మళ్లీ ఊరుకుంది. గది చేజారిపోతుందన్న భయం. కిరాయి ఏడు వేలు, రెండు నెలల అడ్వాన్సు. నీళ్లకు రెండొందలు. కరెంటు సబ్‌మీటరు, యూనిట్‌కు పది రూపాయలు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల కిరాయి అడ్వాన్సులో కోత. ఇవేవీ కాగితం మీద ఉండవు.

సబ్‌మీటరు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి చివర్లో మొదలైన గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు కరెంటు ఉచితం. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. కానీ ఒకే కనెక్షన్ మీద ఆరు పోర్షన్లు, ఆరు సబ్‌మీటర్లు ఉన్న ఇంట్లో మీటరు ఓనరు పేరు మీదే ఉంటుంది. ఆరిళ్ల వాడకం కలిస్తే 200 ఎప్పుడో దాటిపోతుంది. అసలు ఎవరికోసమైతే పథకం పెట్టారో వాళ్లే యూనిట్‌కు పది రూపాయలు కట్టుకుంటూ కూర్చుంటారు. ప్రభుత్వం ఇచ్చేది పేదింటి దాకా రాకుండా ఓనరు గోడ దగ్గర ఆగిపోతే ఎలా?

ఆ జంట లెక్క చూద్దాం. ఆయనకు పదిహేను వేలు, ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఆమెకు పన్నెండు. గదికి ఏడు, కరెంటూ నీళ్లూ కలిపి ఎనిమిది వేలు. ఇద్దరి సంపాదనలో దాదాపు ముప్ఫై శాతం. బయటి నుంచి చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. కానీ కనీస వేతన సూత్రం చెప్పేదేమిటి? ఒక్కరి జీతంతో నలుగురూ బతకాలని. ఆయన ఒక్కడి జీతంలో చూస్తే గది సగానికి పైగా మింగేస్తోంది. ఆమె పొద్దున అయిదింటికి లేచి, అన్నం వండి, పిల్లల్ని పక్కింటి వాళ్లకు అప్పగించి, మరొకరి ఆఫీసు నేల తుడిచి సంపాదించేదాంట్లో మూడింట రెండు వంతులు కేవలం ఆ గదిలో ఉండనిచ్చినందుకే పోతోంది. మొదట అడిగిన ఆరువేల రెండువందల యాభై వచ్చేది ఇక్కణ్నుంచే. ఆడవాళ్ల ఒళ్లు హూనమయ్యే పనిలోంచి, పిల్లల పాలలోంచి, ఊళ్లో ముసలివాళ్లకు పంపలేకపోయిన మందుల డబ్బులోంచి.

జీతంలో ముప్ఫై శాతానికి మించి ఇంటికి పెట్టాల్సి వస్తే భారమన్న లెక్క ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నారు. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెకు 1969లో ఆదాయంలో 25 శాతం పరిమితి పెట్టి, 1981లో 30 చేశారు. ఆ కొలతతో చూస్తే, ఏడు వేల గదిలో భారం లేకుండా ఉండాలంటే ఒక్కరి సంపాదన 23 వేలు దాటాలి. కేంద్ర గణాంక శాఖ శ్రామిక సర్వేల్లో దేశంలో నెల జీతగాళ్ల సగటు సంపాదన ఇరవై వేల పైచిలుకే. అంటే సగటు జీతగాడికే బోరబండ గది బరువు.

సగటులు ఇంకో పని కూడా చేస్తాయి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో పట్టణ కుటుంబాల ఖర్చులో అద్దె వాటా ఆరున్నర శాతం దగ్గర తేలింది. సొంతిల్లున్నవాళ్లనూ అద్దెకున్నవాళ్లనూ ఒక్కచోట కలిపి తీసిన సగటు అది. ఆ అంకెను చూసి అద్దెలు ఏం ఎక్కువున్నాయని ఎవరైనా అంటే, కిరాయి కట్టే ఇంట్లో ఒక నెల లెక్క చూడమనాలి.

ఐటీ పిల్లల సంగతి

అద్దె బాధ బస్తీలదేనని గచ్చిబౌలిలో ఎవరూ అనరు. రియల్ ఎస్టేట్ సంస్థల అంచనాల ప్రకారం హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో వెయ్యి చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాటు 2021లో 22, 23 వేలకు దొరికేది. మూడేళ్లు తిరిగేసరికి 35 వేల దరిదాపులకు వెళ్లింది. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్ల వార్షిక ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడుంబావు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. చేతికొచ్చేది పాతిక వేల లోపు. ఆ పిల్లలకు ఫ్లాటు ఊహలోకి కూడా రాదు. హాస్టల్లో త్రీ షేరింగో, ఫోర్ షేరింగో. మంచానికీ మంచానికీ మధ్య సూట్‌కేసు పట్టేంత సందు, ఇనుప బీరువాలో ఒక అర, రాత్రి ఎనిమిదిన్నరకు వరసలో నిలబడి పెట్టించుకునే పలచటి సాంబారు.

ఆ హాస్టళ్లు ఎక్కడున్నాయో చూడండి. గచ్చిబౌలి అద్దాల మేడల పక్కనే సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్ ఉన్నాయి. యాభై, అరవై గజాల జాగాల్లో నాలుగేసి, అయిదేసి అంతస్తులు లేపి, మంచాల లెక్కన అద్దెకిస్తున్నారు. 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో ఒక ఇల్లు, పక్క జాగాలో పునాదులకు గొయ్యి తవ్వడంతో ఒరిగిపోయింది. లోపలున్నవాళ్లు కట్టుబట్టలతో బయటపడ్డారు. అధికారులు ఆ ఇంటిని కూల్చేశారు. నగరంలో ఆఫీసు కట్టడానికి స్థలం ఉంది, ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లు పడుకోవడానికి లేదు.

వాచ్‌మన్ కుటుంబాలది మరో కథ. వాళ్లకు అద్దె లేదు. అపార్టుమెంటు సెల్లార్‌లో లిఫ్టు పక్కనో, మెట్ల కిందో ఒక గది ఇస్తారు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన భార్యాభర్తలిద్దరూ దానికి బదులుగా రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటారు. ఆయన మోటారు వేస్తాడు, కార్లు తుడుస్తాడు. ఆమె ఫ్లాట్లలో గిన్నెలు తోముతుంది. గది ఇచ్చామన్న పేరుతో జీతం తగ్గుతుంది. అసోసియేషన్‌లో ఎవరికో కోపమొచ్చి ఉద్యోగం తీసేస్తే అదే రోజు ఇల్లూ పోతుంది. పిల్లల బడి ఏడాది మధ్యలో ఆగిపోతుంది. మన అపార్టుమెంట్లలో జరిగే ఈ అన్యాయాన్ని మనం మనసులో పెట్టుకోవాలి.

అందరికీ దొరకదు

డబ్బున్నా గది దొరకనివాళ్లున్నారు. ‘మీరేంట్లు?’ అని ఓనరు అడిగే ప్రశ్న దగ్గర ఎన్నో బేరాలు ఆగిపోతాయి. కులం చెబితే ‘మా బావమరిదికి ఇచ్చేశాం’ అంటారు. పేరు వినగానే ముస్లిం అని తెలిస్తే ఫోన్ పెట్టేస్తారు. భర్త వదిలేసిన ఆడమనిషి, ఒంటరిగా ఉద్యోగం చేసుకునే అమ్మాయి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి... వీళ్లు తిరగాల్సిన వీధులు ఎక్కువ. కాదన్న ప్రతి ఓనరూ వాళ్లకున్న ఎంపికను కుదిస్తాడు; చివరికి ఒప్పుకున్న ఓనరు వెయ్యో రెండు వేలో ఎక్కువ అడుగుతాడు. ఒకే గది, ఒకే గల్లీ, కానీ వివక్షకు గురైనవాళ్లు కట్టే కిరాయి ఎక్కువ. ఇది సామాజిక సమస్యే కాదు, జీతం సమస్య కూడా.

అద్దెకిచ్చేవాళ్లందరూ దుర్మార్గులని నేననను. కింద తాముండి పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో మందులు కొనుక్కునే రిటైరైన దంపతులు నగరంలో వేలమంది. వాళ్లకూ పన్నులు పెరిగాయి, ఇల్లు కట్టిన అప్పుంది. మన నగరాల్లో ఇంటి విలువ మీద ఏడాదికొచ్చే అద్దె మూడు శాతం చుట్టూ ఉంటుంది. బ్యాంకులో వేసుకుంటే అంతకన్నా ఎక్కువే వస్తుంది. అద్దెలు జీతాలకు అందడం లేదు, అయినా అద్దెకివ్వడం లాభసాటి కాదు. రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం భూమి ధర. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. గజం మూడున్నర లక్షల పైమాటే. అమ్మింది ప్రభుత్వమే. అంత ధరకు కొన్న నేల మీద గార్డుకూ నర్సుకూ అందే అద్దె ఇల్లు ఎవరు కడతారు? ఒక వేలం ధర చుట్టూ పది కిలోమీటర్ల మేర ఓనర్ల ఆశలను పెంచుతుంది. ఆ వేలాల్లో వచ్చిన డబ్బులో, అదే నేలలో, చిన్న వాటా అయినా అద్దె ఇళ్లకు కేటాయించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కట్టిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఔటర్ రింగు రోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లతో ఒక్కచోటే కాలనీ కట్టి 2023లో ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి. కానీ ఇళ్లలో పనిచేసే మనిషికి, తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముకునే మనిషికి పని బస్తీ చుట్టూనే ఉంటుంది. తెల్లవారుజామున మొదటి ఇంట్లో గిన్నెలు తోమాల్సిన ఆమె కొల్లూరు నుంచి ఏ బస్సెక్కి రావాలి? 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడం ఈ విషయంలో నిజమైన ఊరట. దూరంగా తక్కువ అద్దెకుండి కూడా పనికి రాగలుగుతున్నారు. మగవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మెట్రో గరిష్ఠ చార్జీ 2025 మేలో 60 నుంచి 75 చేసి, గొడవయ్యాక 69 దగ్గర ఆపారు. దూరం వెళ్లినకొద్దీ అద్దె తగ్గుతుంది, బస్సు ఖర్చు పెరుగుతుంది, పిల్లలతో గడిపే పొద్దు కరిగిపోతుంది.

చట్టానికి కనబడని గది

కిరాయిదారును కాపాడే చట్టం తెలంగాణలో ఉంది. 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టం. న్యాయమైన అద్దె నిర్ణయించమని అడిగే హక్కు, ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకుండా రక్షణ అందులో ఉన్నాయి. అయితే 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఇవాళ 3,500 లోపు కుటుంబం ఉండే గది ఎక్కడుంది? ఇరవై ఏళ్ల నాటి ఆ అంకెను మార్చకపోవడంతో చట్టం పుస్తకంలో ఉండి, దాదాపు నగరమంతా దాని బయట ఉంది.

మిగిలేది పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాదికి తక్కువైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అనుకుంటారు కాబట్టి పదకొండు. పన్నెండో నెలలో పెంపు. ఏటా పది శాతం చొప్పున పెంచుతూ పోతే 2015లో అయిదు వేలున్న గది 2025కు పదమూడు వేలకు చేరుతుంది. అటు కనీస వేతనాలను అయిదేళ్లకోసారైనా సవరించాలని 1948 చట్టం చెప్పింది. తెలంగాణలో 2021లో కొన్ని రంగాలకు సవరించిన వేతనాలతో జీవోలు వెలువడినా, గెజెట్‌లో ప్రచురించక అమలుకు నోచుకోలేదు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. కిరాయి పెంచడానికి ఏ ఓనరూ గెజెట్ కోసం ఆగలేదు.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ల అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంది, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు నోటీసివ్వాలంది. బెంగళూరులో ఆరు నెలల, పది నెలల అడ్వాన్సుకు అప్పు చేసిన తెలుగు కుర్రాళ్లకు ఈ ఒక్క నిబంధన విలువ తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త టెనెన్సీ చట్టం చేసుకుంది. అయినా విజయవాడ, విశాఖ గల్లీల్లో అద్దె వ్యవహారమంతా ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది. రాసిన అగ్రిమెంటు లేనివాడు ఏ అధికారి దగ్గరికి వెళ్తాడు?

2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు మండుటెండలో ఊళ్లకు నడిచిపోయినప్పుడు దేశానికి ఒక్కసారిగా అద్దెలు గుర్తొచ్చాయి. వాళ్లను రోడ్డెక్కించిన వాటిలో ఆకలితోపాటు కిరాయి కూడా ఉంది. ఆ ఏడాది జులైలోనే వలస కార్మికులకు చవక అద్దె ఇళ్ల సముదాయాల పథకం తెచ్చారు. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా పడున్న ఇళ్లను అద్దెకివ్వాలన్నది అందులో మొదటి ఆలోచన. మంచి ఆలోచన. 2011 జనగణనలోనే పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు తాళాలేసి ఉన్నాయని తేలింది. ఆ పథకం వందల్లో, వేలల్లో ఆగిపోయింది. ఆ కూలీలు తిరిగొచ్చి మళ్లీ అవే గదుల్లో చేరారు.

అమెరికాలో నేషనల్ లో ఇన్‌కమ్ హౌసింగ్ కొయలిషన్ అనే సంస్థ ఏటా ఒక లెక్క కడుతుంది. ఏ రాష్ట్రంలో, ఏ కౌంటీలో సాధారణమైన ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే గంటకు ఎంత కూలి రావాలి అని. వారానికి నలభై గంటలు కనీస వేతనానికి పనిచేసే మనిషి రెండు పడగ్గదుల ఇల్లు భారం లేకుండా తీసుకోగలిగే రాష్ట్రం ఒక్కటీ లేదని ఏటా చెబుతోంది. అక్కడి కేంద్ర కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఉంది. డాలస్‌లో, న్యూజెర్సీలో హాల్లో పరుపులేసుకుని పడుకునే మన విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. ధనిక దేశమైనా ఆ పరీక్షలో ఓడిపోతోంది. కానీ పరీక్ష పెట్టుకుంటోంది. మనం ఆ లెక్క కట్టడం కూడా మొదలుపెట్టలేదు. బోరబండ గదికి ఎంత జీతం కావాలి, విశాఖ గాజువాకలో, వరంగల్ కాశిబుగ్గలో, గుంటూరులో ఎంత కావాలి? కార్మిక శాఖ ఏడాదికోసారి ఈ పట్టిక వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

కనీస వేతనాలను సవరించే ముందు ప్రభుత్వం ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం రెండు నెలల గడువివ్వాలన్నది పాత చట్టంలో ఉన్న పద్ధతే. ఆ రెండు నెలల్లో యాజమాన్యాల సంఘాలు తప్పకుండా రాస్తాయి. కార్మిక సంఘాలు బియ్యం, పప్పు, నూనె ధరలతో రాస్తాయి. ఈసారి అద్దె కూడా రాయాలి. కిరాయి రసీదు ఓనరు ఇవ్వడు, నిజమే. కానీ నెలనెలా అయిదో తారీఖులోపు ఓనరుకు వెళ్లిన ఫోన్‌పే చెల్లింపులు ప్రతి కిరాయిదారు ఫోన్‌లోనూ ఉన్నాయి. ఏడాదివి పన్నెండు తీసి, జీతం స్లిప్పుతో కలిపి జత చేస్తే చాలు.